క్రిస్మస్ సెలవులకి అండమాన్ వెళ్తున్నారా? ఏది ముందు బుక్ చేయాలి, ఏ రోజు ఎక్కడ ఉండాలి

డిసెంబర్ చివర్లో అండమాన్ వెళ్దామనుకునే వాళ్లలో చాలామంది ఒకటే చేస్తారు, ముందు ఫ్లైట్ రేటు చూసి టికెట్లు కొట్టేస్తారు, తర్వాత ఇన్‌స్టాలో కనిపించిన రిసార్ట్ బుక్ చేస్తారు, ఫెర్రీ సంగతి అక్కడికెళ్లాక చూస్కుందాంలే అని వదిలేస్తారు. ఫిబ్రవరిలో అయితే అదీ నడిచిపోద్ది. డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా మాత్రం నడవదు, ఎందుకంటే అక్కడ మీ ట్రిప్‌ని నడిపించేది హోటలూ కాదు బీచూ కాదు, ఫెర్రీ టైమింగు. ఆ తర్వాత ముఖ్యమైంది సూర్యుడు, సాయంత్రం 5 కల్లా మునిగిపోతాడు. ఈ రెండిటి చుట్టూ ప్లాన్ వేస్కుంటే మిగతాదంతా సులువు.

ముందు ఏది ఎక్కడుందో చూస్కోండి

అండమాన్ నికోబార్ అంటే చిన్నాపెద్దా కలిపి 800 పైచిలుకు దీవులు, జనం ఉండేవి వాటిల్లో ముప్పై చిల్లర. మొదటిసారి వెళ్లేవాళ్లకి మూడు చోట్లు చాలు: పోర్ట్ బ్లెయిర్ ఊరు, హేవ్‌లాక్, నీల్ దీవులు. పేర్ల దగ్గర కొంచెం జాగ్రత్త, హేవ్‌లాక్‌ని 2018 డిసెంబర్‌లో స్వరాజ్ ద్వీప్ అనీ నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు, 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ కాస్తా శ్రీ విజయపురం అయ్యింది. టికెట్ల మీద ఒక్కోచోట ఒక్కో పేరు ఉంటుంది, ఆటోవాళ్లు మాత్రం ఇంకా పాత పేర్లే వాడతారు, కాబట్టి స్వరాజ్ ద్వీప్ అని కనిపిస్తే వేరే దీవికి బుక్ చేశామేమో అని కంగారు పడకండి. నేను కూడా ఇక్కడ పాత పేర్లే రాస్తున్నా.

నికోబార్ వైపు టూరిస్టులని పంపరు, దాని గురించి ఆలోచించొద్దు. బారాటాంగ్ అని ఇంకోటి ఉంది, సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం అని ప్యాకేజీల్లో పెడతారు. దాని గురించి కిందకొచ్చాక చెప్తా.

బుకింగ్ ఆర్డర్ ఇది

ముందుగా మీ దగ్గర ఎన్ని రాత్రులు ఉన్నాయో లెక్కేస్కోండి. అయిదు రాత్రులే ఉంటే నీల్ వదిలేయండి, హేవ్‌లాక్‌లో మూడు, పోర్ట్ బ్లెయిర్‌లో రెండు పెట్టుకోండి. ఆరు ఏడు రాత్రులుంటే నీల్ కూడా కలపొచ్చు. మూడు రోజులు సెలవు పెట్టి మూడు చోట్లూ చూసేస్తామంటే మీరు చూసేది జెట్టీల్లో క్యూలు మాత్రమే.

తర్వాత ఫ్లైటూ ఫెర్రీ ఒకే రోజు కూర్చుని చూడండి, రెండు ట్యాబ్‌లు పక్కపక్కన పెట్టుకుని. ఫ్లైట్ టికెట్ కొట్టేముందే ఆ తారీఖుల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి, అక్కడ్నుంచి వెనక్కి ఫెర్రీలో సీట్లు కనిపిస్తున్నాయో లేదో చూస్కోవాలి. మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటి ప్రైవేట్ వాళ్లవి ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి గంటన్నర దాకా పడుతుంది, హేవ్‌లాక్ నుంచి నీల్‌కి గంట లోపే. గవర్నమెంట్ ఫెర్రీ రేటు చాలా తక్కువ, టైము ఎక్కువ, రెండున్నర గంటలు అలా పడుతుంది, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకుంటూ వెళ్లొచ్చు కాబట్టి నాకైతే అదే ఇష్టం, కానీ క్రిస్మస్ వారంలో దాన్నే నమ్ముకుని కుటుంబంతో వెళ్లడం రిస్కు, లోకల్ జనానికి అదే బస్సు, వాళ్లకీ సెలవులే. ఇంకో విషయం, ప్రైవేట్ ఫెర్రీలు ఒక దగ్గర, గవర్నమెంట్‌వి ఇంకో దగ్గర ఎక్కాలి, ప్రైవేట్‌వి ఎక్కువగా హ్యాడో వైపు నుంచి, గవర్నమెంట్‌వి ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, టికెట్ మీద ఏముందో ముందురోజు రాత్రే చూసి ఆటో మాట్లాడుకోండి.

ఫెర్రీ సీట్లు కనిపించాకే ఫ్లైటు, ఫ్లైట్ కన్ఫర్మ్ అవగానే అదే పూట ఫెర్రీ, ఆ తర్వాతే హోటళ్లు. సెప్టెంబర్ అక్టోబర్‌లో చేసేస్తే బెటర్, నవంబర్ దాటితే ఉన్నవాటిల్లో ఏరుకోవాలి.

ఫ్లైట్ల విషయానికొస్తే హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఉంటుంది, రెండున్నర గంటలు అటూ ఇటూ. వైజాగ్, విజయవాడ వాళ్లు ఆ సీజన్ షెడ్యూల్‌లో డైరెక్ట్ ఉందేమో చూసి, లేకపోతే చెన్నై మీదుగానో హైదరాబాద్ మీదుగానో చూస్కోండి. సైట్లలో పోర్ట్ బ్లెయిర్ అని కొట్టినా వస్తుంది, ఎయిర్‌పోర్ట్ కోడ్ ఐఎక్స్‌జెడ్. పొద్దున దిగే ఫ్లైటే తీస్కోండి, మధ్యాహ్నం మూడింటికి దిగితే ఆ రోజు పోయినట్టే, రెండు గంటల్లో చీకటి.

వైజాగ్ నుంచి ఓడ ఉంది కదా అని అడుగుతారు చాలామంది. ఉంది, సుమారు 1200 కిలోమీటర్లు, రెండున్నర మూడు రోజుల ప్రయాణం, చెన్నై, కోల్‌కతా నుంచి కూడా వెళ్తాయి. వైజాగ్ నుంచి రోజూ ఉండదు, వారానికి కూడా ఉండదు, షెడ్యూల్ వచ్చినప్పుడే తెలుస్తుంది, మారిపోతుంది కూడా. నెల రోజులు తీరిక ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు ఒకసారి తప్పక వెళ్లాలి, సెలవు లెటర్ ఇచ్చి వెళ్లేవాళ్లకి మాత్రం కాదు.

హోటల్ బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి

డిసెంబర్ 24 రాత్రి, 31 రాత్రి గాలా డిన్నర్ కంపల్సరీనా అని. చాలా రిసార్టుల్లో రూమ్ రేటు ఒకటి చూపిస్తారు, ఆ రెండు రాత్రులకి మాత్రం మనిషికి ఇంత అని డిన్నర్ ఛార్జి విడిగా వేస్తారు, మీరు తిన్నా తినకపోయినా కట్టాలి, నలుగురు మనుషులకి లెక్కేస్తే ఒక్కోసారి ఒక రాత్రి రూమ్ రేటుకి దగ్గరగా ఉంటుంది. బుకింగ్ సైట్‌లో చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది, ఫోన్ చేసి అడగండి, చెప్పింది వాట్సాప్‌లో రాసి పంపమనండి. వద్దనుకుంటే 24 రాత్రికి హోమ్‌స్టేలోనో చిన్న కాటేజీలోనో ఉండి 25న రిసార్ట్‌కి మారొచ్చు.

హేవ్‌లాక్‌లో రూమ్ ఎక్కడ తీస్కోవాలంటే, బీచ్ నంబర్ 3, నంబర్ 5 అంటారు, గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు. హోటళ్లు, తిండి, స్కూబా (సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం) వాళ్లు అంతా ఆ రోడ్డు మీదే. రాధానగర్ దగ్గర ఉంటే బీచ్ గుమ్మంలోనే ఉంటుంది గానీ రేట్లు ఆకాశంలో ఉంటాయి, రాత్రి ఏమైనా కావాలంటే పది పన్నెండు కిలోమీటర్లు చీకట్లో రావాలి. ఒక్క మాట, నంబర్ 3, 5 వైపు బీచ్ వ్యూ రూమ్ అని ఎక్కువ డబ్బులు కట్టేముందు తెలుస్కోండి, అటు సముద్రం పాటు వచ్చినప్పుడు చాలా దూరం వెనక్కి పోతుంది, రాళ్లూ బురదా బయటపడతాయి, ఈత కొట్టడానికి కుదరదు. పొద్దున లేచి చూసేసరికి సముద్రం ఏదీ అని అడిగేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు. ఫోన్‌లో టైడ్ టైమింగ్స్ యాప్ ఒకటి వేస్కోండి, అమావాస్య పున్నమి దగ్గర్లో ఈ తేడా ఇంకా ఎక్కువ.

క్రిస్మస్ ఎక్కడ చేస్కుంటారో ముందే తేల్చుకోండి

ఇక్కడ రెండు రకాల కుటుంబాలు ఉంటాయి. 24 రాత్రి ఆరాధన, 25 పొద్దున చర్చి తప్పనిసరి అనుకునేవాళ్లు ఆ రెండు రోజులూ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. కేథలిక్కులకి స్టెల్లా మారిస్ కేథడ్రల్ ఉంది, మిగతా సంఘాల చర్చిలూ ఉన్నాయి. తెలుగులో ప్రార్థన ఎక్కడ జరుగుతుందో హోటల్లోనో ఆటో అన్ననో అడిగితే చెప్తారు, ఎందుకంటే పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వాళ్లు చాలామంది ఉన్నారు, 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్లు 13 శాతం. ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు, చేపల పని, షాపులు, గవర్నమెంట్ ఉద్యోగాలు అన్నిట్లో ఉంటారు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే భీమిలి బజార్లో ఉన్నట్టే తెలుగు వినిపిస్తుంది. అక్కడ క్రిస్మస్ అంటే కేవలం టూరిస్టుల హంగామా కాదు, నికోబారీ జనంలో ఎక్కువమంది క్రైస్తవులే, రాంచీ వైపు నుంచి కూలి పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లోనూ చాలామంది, మాయాబందర్ దగ్గర బర్మా నుంచి వచ్చిన కరెన్ జనం కూడా. ఇళ్ల ముందు స్టార్లు, రాత్రిళ్లు కేరల్స్, అంతా నిజమైన పండగే.

ఇలా అయితే మీ ప్లాన్: 23న దిగండి, 24, 25 పోర్ట్ బ్లెయిర్, 26 పొద్దున ఫెర్రీకి హేవ్‌లాక్. ఇందులో ఇంకో లాభం ఉంది, 23, 24 తారీఖుల్లో హేవ్‌లాక్ వెళ్లే రద్దీని తప్పించుకుంటారు.

చర్చి అవసరం లేదు, 25న బీచ్‌లో ఉండాలి అంతే అనుకునేవాళ్లు 22 కల్లా దిగి, 23 పొద్దున ఫెర్రీ ఎక్కేసి, 24, 25 రెండూ హేవ్‌లాక్‌లో ఉండి, 26న నీల్, 27న వెనక్కి, 28న ఫ్లైటు. 25న రాధానగర్‌లో జనం ఉంటారు, అది తెలిసే వెళ్లండి.

ఏ ప్లాన్ అయినా ఒక రూల్ మార్చొద్దు, ఫ్లైట్ ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. హేవ్‌లాక్ నుంచి పొద్దున ఫెర్రీలో వచ్చి మధ్యాహ్నం ఫ్లైట్ పట్టుకుంటాం అని కొంతమంది చేస్తారు, సముద్రం బాగుంటే కుదురుతుంది. బాగోకపోతే ఫెర్రీ ఆపేస్తారు, ఫ్లైట్ మీకోసం ఆగదు. డిసెంబర్ నెల మన బంగాళాఖాతంలో వాయుగుండాలకి పేరున్న నెలే, ఆఖరి వారానికి సాధారణంగా తేటపడుతుంది గానీ గ్యారంటీ ఏమీ లేదు. 2016 డిసెంబర్‌లో ఇలాగే వాతావరణం తిరగబడి హేవ్‌లాక్, నీల్‌లలో వెయ్యిమందికి పైగా టూరిస్టులు చిక్కుకుపోతే నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అందుకే మందులు వాడేవాళ్లు రెండు మూడు రోజులకి ఎక్కువ పెట్టుకోండి, కొంచెం క్యాష్ కూడా.

బ్యాగ్‌లో ఏం పెట్టాలి

చలికోట్లు స్వెట్టర్లు ఇంట్లో వదిలేయండి, పగలు 30 దగ్గర, రాత్రి 23, 24, అంతే. పలచటి కాటన్ బట్టలు, తడిసినా ఆరిపోయే నిక్కర్లు, గొడుగో రెయిన్‌కోటో ఒకటి. సముద్రంలో నడవడానికి రబ్బరు చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్నవి కావాలి, పగడపు రాళ్లు కాలికి కోసుకుపోతాయి.

ఐడీ కార్డు ఒరిజినల్, ప్రతి మనిషికీ, పిల్లలకి కూడా, ఫెర్రీ ఎక్కేటప్పుడు చూస్తారు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన మనవళ్లని తీసుకెళ్తుంటే వాళ్ల పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు హైదరాబాద్ ఇంట్లో పెట్టి బయల్దేరకండి, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ రూల్స్ వేరే, బయల్దేరేముందు చూస్కోండి.

వాంతుల మాత్ర తప్పనిసరి, అవోమిన్ లాంటిది, ఎవరికి ఏది పడుతుందో డాక్టర్ని అడిగి తీస్కోండి, ఫెర్రీ ఎక్కడానికి బాగా ముందే వేస్కోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్కుంటే అది బయటికే వస్తుంది. పొద్దున ఫెర్రీకి ఖాళీ కడుపుతోనూ వద్దు, నాలుగు ఇడ్లీలు రెండు పూరీలు కుక్కేసీ వద్దు, రెండు బిస్కెట్లో అరటిపండో చాలు. సీటు వెనకవైపు, మధ్యలో దొరికితే ఊపు తక్కువ.

ఇసుకలో చిన్న చిన్న పురుగులు ఉంటాయి, శాండ్ ఫ్లైస్ అంటారు, కుడితే వారం రోజులు దురద. బీచ్‌లో ఉత్త ఇసుక మీద పడుకోకుండా దుప్పటి వేస్కోవడం, కాళ్లకి కొబ్బరినూనె పట్టించడం లోకల్ వాళ్లు చెప్పే చిట్కా. గోకితే పుండవుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

నెట్ గురించి ఒక ముక్క. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్‌లో బాగా మెరుగైంది, నీల్‌లో ఇప్పటికీ వస్తూ పోతూ ఉంటుంది. యూపీఐ అన్నిచోట్లా తీసుకుంటారు, పనిచేసినప్పుడు. హేవ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, సెలవుల వారంలో డబ్బులైపోతాయి కాబట్టి పోర్ట్ బ్లెయిర్‌లోనే డ్రా చేస్కోండి. టికెట్లు, హోటల్ అడ్రసులు, మ్యాపులు ఫోన్‌లో ఆఫ్‌లైన్ పెట్టుకోండి.

దిగిన రోజు

సూర్యోదయం 5:30 దాటగానే, అస్తమయం సాయంత్రం 5 కే. మన టైమే గానీ మనకంటే బాగా తూర్పున ఉండటం వల్ల అలా. కాబట్టి మీ గడియారాన్ని గంటన్నర ముందుకి జరిపినట్టు బతకండి, పొద్దున 5 కి లేవడం, రాత్రి 9 కి పడుకోవడం. పదింటికి నిద్ర లేచి టిఫిన్ చేసి బయల్దేరితే రోజులో సగం పోయింది.

దిగిన రోజు సెల్యులార్ జైలు పెట్టుకోండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు, ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. పిల్లలు బోర్ అంటారేమో అనుకోకండి, గదుల్లోకి వెళ్లి తలుపు గడియ ఎంత దూరంలో బిగించారో చూపించండి, వాళ్లే ప్రశ్నలు అడుగుతారు. మన కాకినాడ బాంబు కేసు విప్లవకారుడు ప్రతివాది భయంకరాచారి కూడా ఇక్కడ శిక్ష అనుభవించినవాడే. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో టికెట్లు క్రిస్మస్ వారంలో ముందే అయిపోతాయి, ఆన్‌లైన్‌లో చేస్కోండి. సోమవారాలు, పండగ రోజులు ఏవి మూసేస్తారో బయల్దేరేముందు చూస్కోవాలి, డిసెంబర్ 25 విషయంలో ముఖ్యంగా.

టైముంటే రాస్ ఐలాండ్, పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో చిటికెలో వెళ్లొచ్చు. బ్రిటిష్ వాళ్లు అక్కడ్నుంచే పాలించారు, 1941 భూకంపం దెబ్బతీసింది, తర్వాత జపాన్ వాళ్లు ఆక్రమించుకున్నారు, ఇప్పుడు గోడల్ని మర్రి ఊడలు మింగేసిన చర్చి, బేకరీ, బంగళాలు, మధ్యలో జింకలు తిరుగుతూ ఉంటాయి. నార్త్ బే కూడా ఇదే ప్యాకేజీలో కలుపుతారు, పాత ఎర్ర 20 రూపాయల నోటు మీద బొమ్మ ఉండేది అక్కడిదే, చూడ్డానికి సరే, కానీ అక్కడ వాటర్ స్పోర్ట్స్‌కి డబ్బులు తగలేయకండి, హేవ్‌లాక్ కోసం దాచుకోండి.

హేవ్‌లాక్‌లో

జెట్టీ దిగగానే స్కూటీ అద్దెకి తీస్కోండి, లైసెన్స్ ఒరిజినల్ ఉండాలి. రోజుకి 500 రూపాయల నుంచి ఉంటుంది, సీజన్‌లో ఎక్కువ అడుగుతారు. తీస్కునేముందు గీతలన్నీ వీడియో తీసి పెట్టుకోండి. పెద్దవాళ్లున్న కుటుంబమైతే ఆటో లేదా కారు మాట్లాడుకోవడమే నయం, రాధానగర్ రోడ్డు మలుపులు ఎక్కువ, చీకటి పడ్డాక లైట్లుండవు.

రాధానగర్ బీచ్ మధ్యాహ్నం మూడింటికల్లా చేరేలా వెళ్లండి. టైమ్ మ్యాగజైన్ 2004లో ఆసియాలో బెస్ట్ బీచ్ అంది, 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) కూడా వచ్చింది, అది పొగడ్త కాదు, ఇసుక నిజంగానే పిండిలా ఉంటుంది, వెనకాల ఆకాశాన్నంటే మహువా చెట్లు, నీళ్లు లోతు తెలియనంత తేటగా. పడమర వైపు బీచ్ కాబట్టి సూర్యాస్తమయం ఇక్కడే చూడాలి. అస్తమయం కాగానే పోలీసులు, లైఫ్‌గార్డులు విజిల్ వేసి నీళ్లలోంచి బయటికి రమ్మంటారు, వాదించకండి. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, 2010లో ఇదే రాధానగర్ పక్కన ఒక అమెరికన్ టూరిస్టు మొసలి దాడిలో చనిపోయింది. భయపెట్టడానికి చెప్పట్లేదు, రోజూ వేలమంది స్నానాలు చేసి వస్తూనే ఉన్నారు, జెండాలు కట్టిన జాగాలోనే దిగండి, వాగు కలిసే చోటికీ మడ అడవుల వైపుకీ పోవద్దు, చీకట్లో నీళ్లలో ఉండొద్దు, అంతే.

రెండో రోజు పొద్దునే స్కూబా గానీ ఎలిఫెంట్ బీచ్ గానీ. రెండూ ఒకే రోజు కుక్కకండి.

స్కూబాకి ఈత రావాల్సిన పనిలేదు, మనిషికొక ట్రైనర్ మీ సిలిండర్ పట్టుకునే ఉంటాడు. 10 ఏళ్లు నిండాలి. మొదటిసారి దిగేవాళ్లని 12 మీటర్ల కంటే లోతుకి తీసుకెళ్లకూడదు. జలుబు, చెవి నొప్పి, ఆస్తమా, బీపీ, గుండె జబ్బు ఉంటే ఫారం మీద దాచకండి, ముక్కు మూసుకుపోయి ఉంటే చెవిలో ప్రెషర్ సర్దుకోక నరకం కనిపిస్తుంది. ముందురోజు రాత్రి మందు తాగితే క్యాన్సిల్ చేస్కోండి. షాపు ఎంచుకునేటప్పుడు రేటు కంటే రెండు అడగండి, ముందుగా లోతు తక్కువ నీళ్లలో ఎంతసేపు నేర్పిస్తారు, ఒక ట్రైనర్‌కి ఎంతమంది. ఒకరికి ఒకరు కాకపోతే వేరే షాపు చూడండి. ఇంకోటి ఇది చాలా ముఖ్యం, స్కూబా చేశాక కనీసం 18 గంటలు, 24 అయితే ఇంకా మంచిది, ఫ్లైట్ ఎక్కకూడదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆఖరి రాత్రి ఉండమన్నది దీనికి కూడా పనికొస్తుంది.

నీళ్ల అడుగుకి దిగడమే భయం అనేవాళ్లకి ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్, అంటే నోట్లో గొట్టం పెట్టుకుని పైన తేలుతూ కిందకి చూడటం. జెట్టీ నుంచి పడవలో వెళ్లొచ్చు, లేదా రాధానగర్ రోడ్డు మధ్యలో దిగి అడవిలో అరగంట పైగా నడిచి వెళ్లొచ్చు, వానపడితే ఆ దారంతా బురదే. పొద్దున మొదటి పడవలోనే వెళ్లండి, పదకొండు దాటాక ఆ చిన్న బీచ్‌లో కాలు పెట్టే చోటుండదు. పడవ టికెట్‌లో వచ్చే స్నార్కెలింగ్ చాలా చిన్నది, ఇంకాస్త ఇచ్చి లోపలికి తీసుకెళ్లమనండి, దగ్గర్లో ఉన్న కోరల్ (పగడపు దిబ్బలు) చాలావరకు తెల్లబడి చచ్చిపోయింది, 2010లో సముద్రం వేడెక్కినప్పుడు పెద్ద దెబ్బ తగిలింది, ఆ తర్వాత జనం కాళ్లు. మీరు దాని మీద నిలబడకండి, చేత్తో తాకకండి.

పొద్దున సూర్యోదయానికి కాలాపత్థర్ బీచ్ వైపు వెళ్లండి, ఖాళీగా ఉంటుంది, దారంతా సముద్రం పక్కనే. తిండి విషయానికొస్తే హేవ్‌లాక్, నీల్ రెండిట్లో చాలావరకు తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ల ఊళ్లే, మార్కెట్ దగ్గర చిన్న హోటళ్లలో చేపల పులుసుతో బెంగాలీ భోజనం కడుపునిండా తినొచ్చు, రిసార్ట్‌లో అయ్యే ఖర్చులో పావు వంతే. చేప ఎంచుకునేటప్పుడు బరువు తూచి రేటు ముందే చెప్పించుకోండి, లాబ్‌స్టర్ అయితే మరీ. ఆవకాయ సీసా ఒకటి బ్యాగ్‌లో ఉంటే నాలుగో రోజుకి దాని విలువ తెలుస్తుంది.

నీల్

నీల్ చిన్నది, చెప్పడానికీ పెద్దగా లేదు, అదే దాని గొప్ప. బీచ్‌లకి భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ అని రామాయణం పేర్లు. సీతాపూర్‌లో సూర్యోదయం, లక్ష్మణ్‌పూర్‌లో అస్తమయం, భరత్‌పూర్‌లో ఈత. సముద్రం ఒడ్డున సహజంగా ఏర్పడిన రాళ్ల వంతెన చూడాలంటే పాటు ఉన్నప్పుడే వెళ్లాలి, పోటు మీద వెళ్తే నీళ్లే. పొద్దున వచ్చి సాయంత్రం పోయే గ్రూపులు ఉంటాయి, వాళ్లు వెళ్లాక దీవి మీదే. ఒక రాత్రి చాలు, సైకిల్ మీద తిరిగేయొచ్చు.

ప్యాకేజీ వాళ్లు చెప్పినా తొందరపడొద్దు

బారాటాంగ్ వెళ్లే రోడ్డు జారవాలనే ఆదిమ తెగ ఉండే రిజర్వ్ అడవి మధ్యలోంచి పోతుంది. జిర్కటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర బళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి కాన్వాయ్‌గా వదులుతారు, మధ్యలో ఆగకూడదు, ఫొటోలు వీడియోలు తీయడం నేరం, కేసు పెడతారు. తెల్లవారుజామున మూడింటికి లేచి రోజంతా కూర్చుని వెళ్లి గుహ చూసి రావాలి. నా మటుకు, చిన్న ట్రిప్‌లో అది పెట్టుకోవద్దనే చెప్తా, ఒకటి అలసట, రెండోది ఆ మనుషుల ఇంటి మధ్యలోంచి తమాషా చూడ్డానికి వెళ్లినట్టు ఉంటుంది. డ్రైవర్ ఎవరైనా జారవాలని చూపిస్తా అని నవ్వుతూ చెప్తే ఆ బండి ఎక్కకండి.

ఆ రోజుని జాలీ బాయ్ దీవికి వాడండి, వండూర్ నుంచి పడవ, నేషనల్ పార్క్ కాబట్టి ఫారెస్ట్ పర్మిట్ కావాలి, సోమవారం ఉండదు, ప్లాస్టిక్ సంచులు, ప్లాస్టిక్ సీసాలు అనుమతించరు, స్టీలు సీసా పట్టుకెళ్లండి. కోరల్ చూడాలనుకునేవాళ్లకి ఎలిఫెంట్ బీచ్ కంటే ఇదే బాగుంటుంది.

ఫెర్రీ క్యాన్సిల్ అయితే

ముందు మెసేజ్ వస్తుంది, రాకపోయినా పొద్దునే జెట్టీకి ఫోన్ చేయించండి, హోటల్ వాళ్లకి తెలుస్తుంది. ప్రైవేట్ ఫెర్రీ రిఫండ్ ఆన్‌లైన్‌లో వస్తుంది, దాని కోసం నిలబడకుండా కుటుంబంలో ఒకళ్లు గవర్నమెంట్ ఫెర్రీ కౌంటర్ క్యూలోకి వెళ్లండి, ఇంకొకళ్లు రూమ్ ఇంకో రాత్రికి పొడిగించుకోండి, ఈ రెండూ ఒకేసారి జరగాలి. గంట ఆలస్యమైతే రూమూ ఉండదు, టికెట్టూ ఉండదు. ఫ్లైట్ తారీఖు మార్చే పని ఆ తర్వాత.

వెనక్కి వచ్చేటప్పుడు

బీచ్‌లో ఏరిన గవ్వలు, శంఖాలు, కోరల్ ముక్కలు బ్యాగ్‌లో పెట్టకండి, చచ్చినవే కదా అంటే కుదరదు, ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో కనిపిస్తే తీసేసుకుంటారు, కొన్ని రకాలకి వన్యప్రాణి చట్టం కింద కేసు కూడా అవుతుంది. పిల్లల జేబులు కూడా ఒకసారి దులపండి, వాళ్లు తప్పకుండా దాస్తారు. శంఖమో ముత్యాల దండో కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో గవర్నమెంట్ ఎంపోరియం సాగరికాలోనో లైసెన్స్ ఉన్న షాపులోనో కొని బిల్లు తీస్కోండి, ఆ బిల్లు చెక్ ఇన్ చేసే సూట్‌కేసులో కాకుండా చేతిలో ఉండే బ్యాగ్‌లో పెట్టుకోండి, అడిగేది అక్కడే.